బంతిపూల దండ కింది తీగ

ఆయుధపూజ అయిన తర్వాత వచ్చిన సోమవారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు, నాగలమడికలో మా ఆఫీసు ముందర జీపు ఆగింది. టైము అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. అప్పటికి నేను సర్వరు ముందు కూర్చుని తెర మూలనున్న గడియారాన్నే చూస్తున్నాను. ఒక్క ఫోటో తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తున్నాను. డ్రైవరు జీపు దగ్గరే ఆగాడు, బెంగళూరు కంపెనీ ఇంజనీరు దిగి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"అవ్వా, సాయంత్రానికి ఇది సరిగాకుంటే సర్వరు ఎత్తుకొని రమ్మన్నారు బెంగళూరోళ్ళు. జీపు అందుకే తెచ్చినా" అన్నాడు.

మడకశిర పక్క పిల్లోడు, బెంగళూరులో చదివినవాడు. చుట్టూ తిప్పి చెప్పలేదు. నాకు అలాంటివాళ్ళే నచ్చుతారు.

సర్వరు పోతే ఎనిమిది మంది ఆడవాళ్ళ పని పోతుంది. వాళ్ళ కోసమే బాధపడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అది అబద్ధం. నాకు మొదట గుర్తొచ్చింది నా పనే. ఆ సర్వరును చూసుకునేది నేను. అరవై దాటినదాన్ని. అది లేకపోతే మళ్ళీ చీపురు పట్టాలి, లేదంటే ఇంట్లో కూర్చుని కోడలు పెట్టింది తినాలి. రెండూ నాకు ఇష్టం లేదు.

మా పని ఏమిటో చెప్పాలి. ఈ చుట్టుపక్కల పొలాలు సోలారు పార్కుకు బాడుగకు పోయాయి. మావీ పోయాయి. మేము వేరుశనగ వేసిన చోట ఇప్పుడు పలకలు ఎండను తాగుతూ ఉంటాయి. పలక చెడిపోతే వేడెక్కుతుంది. డ్రోను పైనుంచి వేడిని పట్టే ఫోటోలు తీస్తుంది. అందులో మంచి పలకలు నల్లగా, చెడినవి తెల్లగా కనిపిస్తాయి. మా ఆడవాళ్ళు ఒక్కొక్క ఫోటో తెరిచి, తెల్లగా ఉన్న పలక చుట్టూ గీత గీస్తారు. ఆ గుర్తులు సాయంత్రం బెంగళూరులో మాకు పనిచ్చే కంపెనీకి పోతాయి. మర్నాడు పార్కులో పనివాళ్ళు నేరుగా ఆ పలకల దగ్గరికే పోతారు. ఎండలో వరస వరసా తిరిగి వెతికే బాధ లేదు.

ఫోటోలన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. అదే సర్వరు. లినక్సు మీద నడుస్తుంది. ఎనిమిది కంప్యూటర్లూ తీగల మీదుగా అందులోని ఫోల్డరును తమ సొంతం అన్నట్టు తెరుచుకుంటాయి. ఆ తీగలన్నీ వచ్చి ఒక డబ్బాలో కలుస్తాయి. దాన్ని స్విచ్చి అంటారు. లైటు వేసే స్విచ్చి కాదు, వరసగా రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రానికి ఒక చిన్న దీపం ఉండే డబ్బా.

నేను ఇక్కడికి ఊడ్చడానికి వచ్చాను. అక్షరాలు నాకు ముప్పై అయిదేళ్ళు దాటాక వచ్చాయి. ఊళ్ళో సాయంత్రం బడికి పోయి పలక పట్టాను. అప్పటికే బడికి పోతున్న నా కొడుకు నా 'ఖ' చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. కన్నడం బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఈ ఆఫీసులో కీబోర్డులు తుడుస్తూ నేర్చుకున్నాను, చిన్నవి తెర చూసి. సర్వరు చూసే అమ్మాయి పెళ్ళి చేసుకుని తుమకూరు పోతూ, "నీకే నేర్పించి పోతా అవ్వా, నువ్వు అడగడం మొదలుపెడితే ఇడిసేదానివి కాదు" అంది. నేర్పించింది. నేను పట్టుకున్నాను. లినక్సు నాకు ఎందుకు నచ్చిందంటే, తప్పు చేస్తే తప్పని మొహం మీదే చెబుతుంది. సరిగ్గా చేస్తే ఒక్క మాట కూడా మాట్లాడదు. మా అమ్మ కూడా అంతే.

పండగకు ముందు కొత్త డ్రోను వచ్చింది. ఫోటోలు బరువెక్కాయి, తెరుచుకోవడం నెమ్మదించింది. అప్పుడు సర్వరులో మూడు మార్పులు చేశాను. ఒకేసారి ఎంతమందికి ఫైళ్ళు అందించవచ్చో, ఆ చేతుల లెక్క ఎనిమిది నుంచి ముప్పై రెండుకు పెంచాను. తీగ మీద ఒక్క విడతలో పోయే ముక్కను పెద్దది చేశాను. ఎవరు ఏ ఫైలు తెరిచినా ఆ టైము రాసిపెట్టుకునే అలవాటు సర్వరుకు ఉండేది, అది మాన్పించాను. మూడూ ఒక్కరోజే చేయలేదు. ఒకటి మార్చి, కొలిచి, బాగుంటే రెండోదానికి పోయాను. పండగ ముందు గురువారం సాయంత్రానికి ఫోటోలు నొక్కీ నొక్కకముందే తెరుచుకున్నాయి.

శుక్రవారం ఆయుధపూజ. పొద్దున వచ్చి సర్వరును పద్ధతిగా ఆపేసి, తీగలు ఊడదీసి ఇచ్చి, నేను ఇంటికి పోయాను. మా ఇంట్లో ట్రాక్టరుకు పూజ. ఇక్కడ ఆడవాళ్ళు అన్నీ తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తీగలు మళ్ళీ తగిలించి ఇళ్ళకు పోయారు. శని, ఆదివారాలు సెలవు.

సోమవారం పొద్దున ఆఫీసు తెరిస్తే, ఫోటోలు గోనెసంచి లాగినట్టు వస్తున్నాయి.

"అవ్వా, ఒక ఫోటో తెరుచుకునే లోపల నేను జడేసుకొని పూలు గూడా పెట్టుకున్నా" అంది కిటికీ పక్క కూర్చునే అమ్మాయి.

"నీకుండేది నాలుగు ఎంటికలు. దానికి ఎంతసేపు పట్టేదే?" అన్నాను.

నవ్వారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. వాళ్ళ నాయన వేరుశనక్కాయల గోడౌనును ఆఫీసుగా మార్చింది ఆ అమ్మాయే. తొమ్మిదిన్నరకే బెంగళూరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇంజనీరు పార్కులోనే ఉన్నాడు, ఆయన్ను పంపించారు. అలా వచ్చింది జీపు.

ఇంజనీరు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "పండగ ముందర ఏమేం మార్చినావు అవ్వా?"

చెప్పాను. మేనేజరు నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "అవ్వ మార్చినందుకేనా సార్ ఇట్లయింది?"

"మార్చింది గురువారానికి బాగుండె. సోమవారం చెడింది" అన్నాను. "నేను పెట్టింది తప్పయితే చూపించప్పా, తీసేస్తా. ఊరికే అనుమానం మీద తీయను."

"నాకూ అనుమానం పనికిరాదు. చూద్దాం పట్టు" అన్నాడు.

మూడింటినీ ఒక్కొక్కటే పాత పద్ధతికి తెచ్చి చూశాము. చేతుల లెక్క తగ్గించాము. అదే నత్తనడక. ముక్క సైజు తగ్గించాము. ఇంకొంచెం నెమ్మదించింది. టైము రాసుకోవడం మళ్ళీ పెట్టాము. తేడా లేదు. నా మూడు మార్పులూ తిరిగి పెట్టేసుకున్నాను. మేనేజరు చేతిలో ఫోను మోగింది. ఆమె బయటికి పోయి మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడారో అడగలేదు. జీపు వెనక తలుపు తెరిచే ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది.

"ఒక దారి ఉండాది" అన్నాడు ఇంజనీరు. "సర్వరు రాసింది డిస్కు మీద పడినాక గదా 'అందింది' అని చెప్తాండాది. పడకముందే చెప్పమందాం. గీతలు పెట్టేటప్పుడన్నా ఆగకుండా పోతాది."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కరెంటు పోతే?"

"యూపీఎస్ ఉండాది గదా?"

"దాని మొహం. అది ఒకసారి ఉంటాది, ఒకసారి ఉండదు. ఇంతకుముందు అట్లనే పెట్టుకుంటిమి. మధ్యాహ్నం కరెంటు పోయె. గీతలు రాసిపెట్టే ఫైలే చెడిపోయె, పొద్దున నుంచి గీసినవన్నీ పోయె. అందింది, అందింది అని చెప్పినదంతా అబద్ధం. ఈ అమ్మాయిలు మళ్ళీ గీసినారు, కండ్లు మండిపోతా. చుట్టూ కరెంటు పండిస్తాండారు గానీ మా ఊరికి వచ్చేదానికి దానికి దారి తెలీదు. నేను పెట్టను. నువ్వు పెట్టాలంటే నేను లేచి పోతా, అప్పుడు పెట్టుకో."

ఆయన కీబోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు. కోపం రాలేదు. "సరే, వద్దు. ఇంగ మార్చేది చాలు. ముందు కొలుద్దాం. యాడ ఆగుతాండాదో తెలీకుండా ఏం మార్చినా గుడ్డెద్దు చేలో పడినట్లే."

ఇది మంచి మాట. నేను మార్చి కొలిచేదాన్ని. ఆయన మార్చకముందే, ముక్కలు ముక్కలుగా కొలిచాడు. సర్వరు తన డిస్కు నుంచి తానే ఫోటో చదువుకుంటే ఎంత వేగం? బాగానే ఉంది, కళ్ళు తిరిగేంత వేగం. ఫోటోలు, ఫోల్డరు ఏమీ లేకుండా ఊరికే తీగ మీద పంపిస్తే ఎంత? ఆయన కమాండు కొట్టాడు. అంకెలు వరసగా దిగాయి. నేను వాటిని వేలు పెట్టి చదివాను.

"పదకొండు" అన్నాను.

"అవును, సెకనుకు పదకొండు మెగాబైట్లు. నూరు దాటాల. తీగ మీదనే ఆగుతాండాది."

"పదకొండా?" అన్నాను మళ్ళీ.

"పదకొండే. ఎందుకు?"

ఆ పదకొండును నేను ఎరుగుదును. ఆఫీసు పెట్టిన కొత్తలో ఒక పాత స్విచ్చి ఉండేది. ఏం చేసినా పదకొండు దాటేది కాదు. తుమకూరు పోయిన అమ్మాయి, నేను దానితో ఎన్ని తిప్పలు పడ్డామో. తర్వాత కొత్తది వచ్చింది, పాతదాన్ని పై అరలో దాని పక్కనే పెట్టేశాము. కానీ అది అరలో ఊరికే పడి ఉంది కదా అనుకున్నాను.

ఇంజనీరు ఇంకో కమాండు కొట్టాడు. సర్వరు తీగ ఎంత వేగంతో కలిసిందో చెప్పేది. ఇది మెగాబిట్ల లెక్క, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. వెయ్యి ఉండాల్సిన చోట నూరు ఉంది. "తీగ లోపల సన్న తీగల జత ఒకటి తెగినా ఇట్లనే నూరుకు పడిపోతాది. జీపులో కొత్త తీగ ఉండాది, తెస్తా" అని లేచాడు. అదీ కావచ్చు. నేను కాదనలేదు.

కొత్త తీగ తెచ్చి, పాతది ఎక్కడికి పోతుందో చేత్తో పట్టుకుని పోయాడు. సర్వరు వెనక నుంచి పైకి పోయి, అరలో బంతిపూల కుప్పలోకి దూరింది. శుక్రవారం వేసిన దండలు అలాగే ఉన్నాయి. విభూతి పట్టెలు, ఎండిన నిమ్మకాయలు, అరటాకు ముక్కలు. పూల కింద డబ్బా ఏదో, తీగ ఏదో తెలియదు. ఆయన చెయ్యి పెట్టబోయాడు.

"సార్, సార్, ముట్టొద్దు!" అని ముగ్గురు ఒకేసారి లేచారు. "పెద్దక్క రానీ సార్."

పెద్దక్క అంటే మాలో నా తర్వాత వయసులో పెద్దది. ఎనిమిదో కంప్యూటరు ఆమెదే. పూజ చేసింది ఆమే. మా పక్క పూజలో పెట్టిన పనిముట్టును ఊరికే ఎత్తరు. పూజ చేసిన చేతితోనే అక్షింతలు వేసి, ఉత్తరం వైపు కాస్త జరిపి, ఇంక పనికి పోయి రమ్మని చెప్పాలి. ఎవరి కంప్యూటరుకు వాళ్ళు పొద్దున ఆ పని చేసుకున్నారు. అర పెద్దక్కది. ఆమె పండక్కి మంగళవాడలో కూతురింటికి పోయింది, ఇంకా రాలేదు.

"ఆమె ఎప్పుడొస్తాది?" అన్నాడు ఇంజనీరు.

ఫోను తీసి అందరికీ వినపడేటట్టు పెట్టాను. "యాడుండావు?"

"పావగడ బస్టాండులో. బస్సు యాడుండాదో దేవునికే తెలియాల. ఏమాయె?"

"అరలో ఉండేవి కదిలించాల."

"నేను రాకుండానా? చేతులు ఇరుగుతాయి నీకు."

"ఇరిగితే నావే గదా ఇరిగేది."

"నీ చేతులు ఇరిగితే నా కంప్యూటరు ఎవరు బాగు చేస్తారు? ఉండు, వస్తా."

"నువ్వొచ్చేసరికి ఈడ సర్వరు ఉండదు. జీపు వచ్చుండాది, ఎక్కిస్తారు. ఒకటి చెప్పు. పైనుండే పాత డబ్బాకు గూడా పూజ చేసినావా?"

"చేయకుండా ఉంటానా? అన్నం పెట్టలే అది మనకు? మా ఇంట్లో ఇరిగిపోయిన కొడవలికి గూడా పసుపు పెడతా నేను. దీపాలు ఎలగాలని కరెంటు ఇచ్చి, తీగ గూడా పెట్టినా."

"ఏ తీగ?"

"లావుగా, నీలంగా ఉండేది. మంచిది. పెద్దది గదా అది, దానికి ముందర ఇచ్చినాకనే కొత్తదానికి ఇయ్యాల. మళ్ళ రెండిటికీ నడుమ చిన్న తీగ కలిపినా. దీపాలు ఎంత బాగా ఎలిగినాయో తెల్సునా?"

లావు నీలం తీగ సర్వరుది. ఇంజనీరు స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. సర్వరు నుంచి వచ్చే ఫోటోలన్నీ ముందు పెద్దదాని గుండా పోయి, తర్వాత కొత్తదానికి చేరి, అక్కడి నుంచి ఎనిమిది కంప్యూటర్లకూ పోతున్నాయి. ఎనిమిది మందికీ కలిపి పదకొండు. ఇంక నేను సర్వరులో చేతులు ముప్పై రెండు పెట్టినా, మూడు వందలు పెట్టినా ఏం లాభం?

"ఇప్పుడే మార్చేద్దాం" అని లేచాడు ఆయన.

నాకూ లాగేయాలనే ఉంది. నాకు పూజల పట్టింపు తక్కువ. కానీ ఏడుగురు కుర్చీల్లోంచి లేచి నిలబడి ఉన్నారు. అలా లాగేస్తే తీగ బాగవుతుంది గానీ, ఆ రోజంతా వాళ్ళ చేతులు ఆడవు. రేపు ఏది చెడినా అదే కారణమంటారు. పైగా పెద్దక్క నాతో మాట్లాడదు. అది ఆమెకు శిక్షో నాకు శిక్షో చెప్పలేను.

"ఫోనులోనే చెప్పు. అక్షింతలు ఈడ ఎవరన్నా ఏస్తారు" అన్నాను.

"ఫోనులో పూజా? బుద్ధి ఉండాదా నీకు?"

"నీ మనవడు ఏడిస్తే ఫోనులో దిష్టి తీయలేదా మొన్న? నేను చూడలేదనుకున్నావా?"

బస్టాండు రొద, కన్నడంలో ఎవరో బస్సు పేర్లు అరవడం వినిపించాయి. తర్వాత, "ఉండు" అంది. "చెప్పులు ఇడిసినా. కిటికీ పక్క పిల్ల చెయ్యి కడుక్కోమను. అక్షింతలు చిన్న గిన్నెలో ఉండాయి, నిమ్మకాయ ఎనక."

కిటికీ పక్క అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చింది. పావగడ బస్టాండులో నిలబడి పెద్దక్క చెప్పింది, ఇక్కడ ఈ అమ్మాయి అక్షింతలు వేసింది. "ఉత్తరానికి జరుపే. ఉత్తరం తెలుసునా నీకు? కొండ పక్క గాదు, ఏటి పక్క. జరిపినావా? తల్లీ, నిన్ను నిలబెట్టినోళ్ళం, పనికి పంపిస్తాండాము, పోయి రా. అను." అందరూ అన్నారు. ఇంజనీరు కూడా అన్నాడు.

దండ తీశాను. పాత డబ్బా పసుపు బొట్టుతో మిణుకు మిణుకుమంటోంది. నీలం తీగ పీకి కొత్తదాంట్లో పెట్టాను. ఇంజనీరు కమాండు కొట్టాడు. నేను వేలు పెట్టి చదివాను. ఒకటి, సున్నా, సున్నా, సున్నా.

"వెయ్యి" అన్నాను.

తీగ మీద కొలిస్తే నూటపన్నెండు వచ్చింది. కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. ఎవరూ ఏమీ అనలేదు, గీతలు గీయడంలో పడ్డారు. అదే నాకు పెద్ద మెప్పు.

ఇంజనీరు పోకముందు నాకు తెలియనిది ఒకటి నేర్పించాడు. కంప్యూటరు ఒక ఫోటోలో కొంత చదవగానే, తర్వాతి భాగాన్ని అడగకముందే తెచ్చి పెట్టుకుంటుందట. ఎంత ముందుకు తెచ్చుకోవాలో ఆ కొలత మా కంప్యూటర్లలో మరీ చిన్నగా ఉంది. ఒకదాంట్లో పెంచి చూపించి, "మిగిలినవి నువ్వు చేసుకో" అన్నాడు. చేశాను. ఒక్కొక్కటే, కొలుచుకుంటూ. పెద్ద ఫోటోలు ఇంకా చురుగ్గా దిగాయి. ఆ సంగతి మూడేళ్ళుగా నాకు తెలియదే అని ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం దాటాక పెద్దక్క వచ్చింది. సంచి కింద పెట్టకుండానే అర దగ్గరికి పోయి చూసింది. పాత డబ్బా దీపాలు ఆరిపోయి, ఒక్క పువ్వుతో పక్కన కూర్చుని ఉంది.

"పెద్దదానికి పూజ చెయ్యి, వద్దనను" అన్నాను. "పని మాత్రం ఇయ్యొద్దు."

"అట్లయితే నీకు గూడా ఇయ్యకూడదు గదా?" అంది.

ఆఫీసంతా గొల్లున నవ్వింది. మేనేజరు కూడా నవ్వింది, ఆ రోజుకు అదే మొదటిసారి.

"నేను వెయ్యిలో నడుస్తాండా, పోవే" అన్నాను.

సాయంత్రానికి గుర్తులన్నీ బెంగళూరు పోయాయి. ఇంజనీరు మా ముందరే ఫోను చేశాడు. "సర్వరు ఈడే ఉండనీ సార్. చూసుకునేవాళ్ళు ఉండారు" అన్నాడు. అంతే అన్నాడు. పూజ అరటిపండ్లు జీపు వెనక పెట్టించాము, ఖాళీగా పంపకూడదని. తలుపు మూసింది నేనే. గట్టిగా మూశాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను రాసి ఆపుతాను. మేనేజరు. మడకశిర పక్క ఇంజనీరు. కిటికీ పక్క కూర్చునే అమ్మాయి. ఆమె వెనక కూర్చునే అక్కచెల్లెళ్ళు ఇద్దరు. చంటిబిడ్డను గోడ పక్క పడుకోబెట్టుకుని పనిచేసే తల్లి, ఆ బిడ్డ. ఎవరు నవ్వినా తాను చివర నవ్వే పొడుగాటి ఆమె. మంగళవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే వదినా మరదళ్ళు. జీపు డ్రైవరు, గుమ్మం దాటి లోపలికి రాలేదు గానీ అరటిపండ్లు లెక్క తప్పాయి. నేను. ఇంకా, వెయ్యి అని నేను చదివినప్పుడు, పావగడ బస్టాండులో చెప్పులు విడిచి, ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఉన్న పెద్దక్క.